మంచి ఆటలు చెబుతుంటే స్నేహితులు దూరమయ్యారు

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 27, బట్టల కొట్టులో లెక్కలు చూసే ఉద్యోగం. డిగ్రీలో కలిసి చదివిన మిత్రులు, ఈయనతో కలిపి ఎనిమిది మంది, ఇప్పటికీ రాత్రి పదింటికి ఫోన్లలో కలుసుకుని పబ్జీ తరహా ఆట ఆడతారు. ఈయనకు మాత్రం కొన్నేళ్ళుగా వేరే రుచి పట్టుకుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఏ ఆటలు నడుస్తాయా అని వెతుకుతూ, ఒకరిద్దరు కూర్చుని చేసే ఇండీ ఆటల్లోకి, అక్కడి నుంచి ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో కలిసి తయారుచేసే ఓపెన్ సోర్స్ ఆటల్లోకి వెళ్ళారు. ‘ఇంత మంచి ఆటలు ఉచితంగా ఉంటే ఎవరికీ తెలియదేమిటి అని నిద్ర పట్టేది కాదు’ అని రాశారు.

ఆ ఆనందాన్ని స్నేహితులతో పంచుకోవాలని గ్రూపులో జాబితాలు పెట్టారు. ఎవరూ పలకలేదు. దసరాకు ఊళ్ళో ఉత్సవాలు చూసి అందరూ ఈయన ఇంటికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి ‘బ్యాటిల్ ఫర్ వెస్నోత్’ అనే యుద్ధవ్యూహపు ఆట పెట్టారు. ఒక మిత్రుడు తన మాంత్రికుణ్ణి ముందుకు పంపితే మూడు దెబ్బలూ తప్పాయి. ‘ఇది మోసం ఆట’ అని అందరూ నవ్వారు. అరగంటలో ఒక్కొక్కరుగా ఫోన్లు తీశారు. ఈయనకు ఒళ్ళు మండింది. ‘స్కిన్నుల మీద డబ్బు తగలేసే ఆట తప్ప మీకు ఇంకేదీ రుచించదు’ అన్నారు. స్కిన్నులంటే ఆటలోని పాత్రలకు కొని వేసే వేషాలు, అలంకారాలు. అందరికంటే దగ్గరివాడు, అదే వీధిలో ఇంకో కొట్టులో సేల్స్‌మ్యాన్‌గా చేసే మిత్రుడు, ‘నువ్వు ఆట చూపిస్తున్నావా, మమ్మల్ని మార్చడానికి వచ్చావా?’ అని అడిగాడు. ఆ రాత్రే ఈయన గ్రూపు నుంచి బయటికి వచ్చేశారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పైగా అక్క కొడుకు, 13 ఏళ్ళవాడు, మామయ్య దగ్గర ఆటలు నేర్చుకుంటానని వస్తుంటే బావగారు అడ్డుపడుతున్నారట. ఆన్‌లైన్ ఆటలంటే ఆయన దృష్టిలో పందేలే. ‘ఆటల గురించి చెప్పడం మానేయాలా? నాలాంటి వాళ్ళను బయట వెతుక్కోవాలా? వీళ్ళకే ఇంకోసారి నచ్చజెప్పాలా?’ అన్నవి ఈయన ప్రశ్నలు.

మీ ఉత్తరం చదివాక మొదట కలిగిన భావం సంతోషం. ఒక మంచి వస్తువు కంటబడితే పదిమందికీ చెప్పకుండా ఉండలేని గుణం మీది. దాన్ని తగ్గించుకోమని నేను చెప్పను. అయితే మీ బాధలో రెండు పోగులు కలిసిపోయి ఉన్నాయి. ఆ ఆటలకు దక్కవలసిన ఆదరణ దక్కడం లేదన్నది ఒకటి. మీకు తోడుగా ఆడేవాళ్ళు లేరన్నది రెండోది. ఉత్తరమంతా మొదటిదాని గురించే రాశారు, కానీ నొప్పి రెండోచోట ఉన్నట్టు నాకు అనిపించింది. వెస్నోత్‌ను ప్రొద్దుటూరులో ఏడుగురు ఆడకపోయినంత మాత్రాన దానికి లోటు లేదు. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన ఆ ఆటను ఇప్పటికీ ఎందరో కలిసి పెంచుతున్నారు. లోటు మీకే. దాన్ని సూటిగా ఒప్పుకుంటే తరవాతి దారి తేలికవుతుంది.

దసరా రాత్రి సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. వెస్నోత్ నాకు కూడా చాలా ఇష్టమైన ఆట. వంతులవారీగా, ఆరు మూలల గళ్ళ మీద, ఎవరిని ఏ చెట్టు చాటున నిలబెట్టాలి, పగలు బలం పుంజుకునే సైన్యంతో ఎప్పుడు దూకాలి, రాత్రి బలపడే శత్రువు ముందు నుంచి ఎప్పుడు వెనక్కి తగ్గాలి అని ఆలోచించి ఆడేది. పగలూ రాత్రికి ఇరవై అయిదు శాతం బలం అటూ ఇటూ అవుతుంది. ఇదంతా ఒక మనిషి ఒంటరిగానో, ఇద్దరు పక్కపక్కన కూర్చునో నిదానంగా ఆస్వాదించవలసినది. మీరు ఎనిమిది మందిని ఒక చిన్న తెర ముందు కూర్చోబెట్టారు. ఒకరు ఆలోచిస్తుంటే ఏడుగురు చూస్తూ కూర్చోవాలి. పొద్దుటి నుంచి కొట్లో నిలబడి వచ్చినవాళ్ళు, పండగ తిరిగి వచ్చినవాళ్ళు ఎంతసేపని చూస్తారు?

ఆ మాంత్రికుడి సంగతి కూడా అంతే. వెస్నోత్‌లో మంత్రపు దెబ్బ తగిలే అవకాశం ఎప్పుడూ 70 శాతం. వరసగా మూడూ తప్పే అవకాశం నూటికి మూడు కూడా ఉండదు. అయినా తప్పుతాయి. ఆడగా ఆడగా ‘తప్పితే ఏం చేయాలి’ అన్నది ముందే ఆలోచించుకుని మనుషులను నిలబెట్టడం అలవాటవుతుంది. ఆ ఆటలోని లోతంతా అక్కడే ఉంది. మొదటిసారి చూసేవాడికి మాత్రం అది మోసంగానే కనిపిస్తుంది. ‘దెబ్బలు తప్పుతాయి, కోపం వస్తుంది, దానికి సిద్ధపడి ఆడాలి’ అని ముందే చెప్పి ఉంటే అదే క్షణం నవ్వులాటగా సాగిపోయేది. ఏ ఆట చెప్పినా దాని గొప్పతో పాటు దాని ఇబ్బందిని కూడా మొదటే చెప్పండి. మీ మాట మీద నమ్మకం అక్కడే కుదురుతుంది.

వాళ్ళు రాత్రి పదింటికి ఆడేది ఆట కోసమేనా అన్నది కూడా ఆలోచించండి. మీరే రాశారు, ఆడుతూ జీతాల గురించి, ఇంట్లో పెళ్ళిచూపుల గురించి మాట్లాడుకుంటారని. వాళ్ళకు ఆ ఆట ఒక రచ్చబండ. చేతులకు పని, నోటికి కబురు. అలాంటి చోటికి మీరు ఇరవై ఆటల జాబితా తీసుకువెళితే అది సిఫారసులా కాకుండా, కూర్చున్న చోటు నుంచి లేవమన్నట్టు వినిపిస్తుంది. మీ మిత్రుడి మాటలో కటువు ఉంది, నిజమే. కానీ ఆయన అడిగిన దానిలో సారం లేకపోలేదు. స్కిన్నుల ఖర్చు గురించి మీరన్న మాట ఆటకు సంబంధించింది కాదు. అది వాళ్ళ జేబుకు సంబంధించిన మాట, పండగ పూట, అందరి ముందు.

ఇంకొకటి. గ్రూపులో పెట్టిన సందేశాల నమూనా ఉత్తరంతో పంపారు. అన్నీ లైసెన్సుతో మొదలయ్యాయి. జీపీఎల్ అనే లైసెన్సు అంటే ఏమిటి, సోర్స్ కోడ్ (ఆటను నడిపే ప్రోగ్రాము రాత) ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అని మూడు పేరాలు నడిచాక గానీ ఆటలో ఏం చేస్తారో రాలేదు. లైసెన్సు గొప్పతనం నాకు తెలుసు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించాక, సర్వర్లు ఆగడంతో ఎందరి రాత్రుళ్ళో ఖాళీ అయిపోయాయి. మీ గ్రూపుకూ అదే జరిగి ఉంటుంది. వెస్నోత్ మీ పెన్‌డ్రైవ్‌లో ఉంటే దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. కానీ ఈ విలువ ఆట నచ్చిన తరవాతే మనసుకు ఎక్కుతుంది. నచ్చినవాడే ‘ఇది ఉచితంగా ఎలా ఇస్తున్నారు?’ అని అడుగుతాడు. అప్పుడు చెప్పండి, చెవులప్పగించి వింటాడు.

ఇక మీ ముందున్న దారులు. గ్రూపులో ఆటల గురించి చెప్పడం పూర్తిగా మానేసి, వాళ్ళ ఆట వాళ్ళతో ఆడుతూ, మీ ఆటలు మీరు ఆడుకోవడం ఒకటి. ఇందులో స్నేహం త్వరగా కుదుటపడుతుంది. కానీ మీ స్వభావం చూస్తే లోపల ఉక్కపోత ఉంటుంది, కొన్నాళ్ళకు ఇంకో పండగ రాత్రి మళ్ళీ అదే మాట బయటికి వస్తుందేమో. కాబట్టి దీన్ని తాత్కాలికంగా, గొడవ చల్లారేదాకా పాటించవచ్చుగానీ, శాశ్వత ఏర్పాటుగా నాకు నచ్చలేదు.

రెండోది, గ్రూపుకు చెప్పడం మానేసి మనిషికి చెప్పడం. మీరు మీ స్నేహితుల గురించి రాసిన నాలుగైదు వాక్యాలు చదువుతుంటేనే నాకు ఆటలు గుర్తుకొచ్చాయి. ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేసే మిత్రుడు ఉన్నాడన్నారు. ఆయనకు ‘మిండస్ట్రీ’ చూపించండి. భూమిలోంచి రాగి, సీసం, ఇసుక తవ్వి, కన్వేయర్ల మీద నడిపి, కలిపి, ఫిరంగులకు అందించి, అలలు అలలుగా వచ్చే శత్రువులను ఆపే ఆట. ఒకచోట బెల్టు నిండిపోతే వెనుక అంతా ఆగిపోతుంది. కోత మిషను దగ్గర ఆలస్యమైతే పాలిష్ దగ్గర మనుషులు ఖాళీగా ఎలా నిలబడతారో రోజూ చూసే మనిషికి అందులో చిక్కు ఎక్కడుందో మనకంటే ముందే కనబడుతుంది. ఫోనులోనూ నడుస్తుంది. మొదట్లో తెర నిండా గుర్తులు కనిపించి కంగారు పెడుతుంది. అందుకని మొదటి అరగంట పక్కన కూర్చోండి, కానీ ఫోను ఆయన చేతిలోనే ఉంచండి. మీ వేలు తెర మీద పెట్టవద్దు.

లారీలు తిప్పే కుటుంబం నుంచి వచ్చిన మిత్రుడికి రవాణా సంస్థను నడిపే ఆట ‘ఓపెన్ టీటీడీ’. 1990లలో క్రిస్ సాయర్ చేసిన ‘ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్’కు ఇది 2004 నుంచి అభిమానులు పెంచుతున్న ఓపెన్ సోర్స్ రూపం. పాత ఆట ఫైళ్ళేవీ కొననక్కరలేదు, ఉచిత బొమ్మలతోనే నడుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌కు ఇది చాలా తేలిక. ఆటలో దాదాపు అందరూ మొదట వేసే దారి బొగ్గు గని నుంచి విద్యుత్ కేంద్రానికి. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రానికి బొగ్గు వ్యాగన్లు వెళ్ళడం చూస్తూ పెరిగినవాళ్ళకు దాన్ని వివరించే పని ఉండదు. బండి ఆలస్యంగా వస్తే గని దగ్గర సరుకు తగ్గిపోతుంది. బండి పాతబడేకొద్దీ దారిలో మొరాయిస్తుంది, డిపోకు పంపి సర్వీసు చేయించాలి. లారీ ఇంటివాడికి ఈ బాధలు కొత్తవి కావు. రైలు సిగ్నళ్ళు మాత్రం మొదట తల తిప్పుతాయి. మొదటి రోజు బస్సులు, లారీలతో సరిపెట్టండి.

మైదుకూరు నుంచి రోజూ కడపకు బస్సులో వెళ్ళివచ్చే మిత్రుడికి నేనైతే కళ్ళు మూసుకుని ‘షాటర్డ్ పిక్సెల్ డంజన్’ చెబుతాను. ఇంటర్నెట్ అక్కరలేదు, ప్రకటనలు ఉండవు, నిలువుగా పట్టుకున్న ఫోనులో ఒక చేత్తో ఆడవచ్చు. మనం అడుగు వేస్తేనే శత్రువు అడుగు వేస్తాడు కాబట్టి, టికెట్ తీసుకోవడానికి ఆగినా ఏమీ కాదు. నేలమాళిగలో 26 అంతస్తులు. దొరికే రసాయనం సీసాల రంగులు ప్రతి ఆటలోనూ మారిపోతాయి. నిన్న ప్రాణం పోసిన ఎర్ర సీసా ఇవాళ నిప్పు అంటించవచ్చు. చనిపోతే మళ్ళీ మొదటి అంతస్తు నుంచే. ‘చాలాసార్లు చనిపోతావు’ అన్న మాట ముందు చెప్పడం ఇక్కడ మరీ ముఖ్యం. ఈ ఆట పుట్టుక కూడా చెప్పదగినదే. ‘పిక్సెల్ డంజన్’ చేసినాయన తన సోర్స్ కోడ్ విడుదల చేస్తే, ఎవాన్ డెబెన్‌హామ్ దాన్ని తీసుకుని 2014లో ఈ రూపం తెచ్చి, నేటికీ మెరుగులు దిద్దుతున్నారు. లైసెన్సు గురించి మీరు మూడు పేరాల్లో చెప్పాలనుకున్నది ఈ ఒక్క కథలో ఉంది.

సోషల్ చెప్పే టీచర్ మిత్రుడికి ‘జీరో ఏ.డి.’ మీద మీరే మనసు పెట్టుకున్నారు. సరైన ఎంపిక. ప్రాచీన రాజ్యాలను కట్టి, సైన్యాలను నడిపే ఆట అది. అందులో మౌర్యులు ఉన్నారు, ఏనుగులు ఉన్నాయి, చంద్రగుప్తుడు, చాణక్యుడు, అశోకుడు నాయకులుగా వస్తారు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలను పిల్లలకు చూపించే ఆయన ఆ ఆటలో ఏది చరిత్ర, ఏది కల్పన అని మీతో గంటలు వాదిస్తారు. మీ ల్యాప్‌టాప్‌లో చిన్న మ్యాపులతోనే ఆడండి. సైన్యాలు పెరిగితే పాత కంప్యూటర్ నీరసపడుతుంది.

ఈ దారికి ఉన్న కష్టం ఓపిక. ఒకరికి ఒక్క ఆట, అదీ వాళ్ళకు తీరిక దొరికినప్పుడు. నచ్చకపోతే ‘సరే’ అని ఊరుకోవాలి, వెంటనే రెండోది చెప్పకూడదు. ఏడుగురిలో ఇద్దరు నిలబడితే మీకు గొప్ప ఫలితమని నా అంచనా. ఆ ఇద్దరితోనే వెస్నోత్‌ను మళ్ళీ తెరవవచ్చు. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు వంతులవారీగా ఆడే వీలు అందులో ఉంది. అన్నదమ్ములిద్దరి కథగా సాగే చిన్న క్యాంపెయిన్ (వరస యుద్ధాల కథ) ఒకటి ఉంది, నాలుగు ఘట్టాలే. కొత్తవాళ్ళకు దానితోనే మొదలుపెట్టండి.

ఎనిమిది మందీ కలిసి ఆడాలన్న కోరిక మీకు బలంగా ఉంటే దానికి తగిన ఆట వేరే ఉంది: ‘సూపర్ టక్స్ కార్ట్’. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు చిహ్నమైన పెంగ్విన్ టక్స్, ఇంకా రకరకాల ఉచిత సాఫ్ట్‌వేర్ల చిహ్నాలైన బొమ్మలు చిన్న బండ్లు నడుపుతూ ఒకరి మీద ఒకరు కేకులు, బౌలింగ్ బంతులు విసురుకుంటాయి. దారిలో అరటిపండ్లు తొక్కితే చేటు. ఫోన్లలో నడుస్తుంది. ఒకరి హాట్‌స్పాట్‌కు అందరూ కలిపితే చాలు, డేటా ఖర్చు కాదు. 2019లో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి ఇలా నెట్‌వర్క్‌లో ఆడే వీలు ఉంది. అందరి ఫోన్లలో ఒకే వెర్షన్ ఉండేలా ముందే చూసుకోండి. అక్కడ తేడా వస్తే ఒకరికొకరు కనబడక మళ్ళీ అందరూ విసుక్కుంటారు. ఇందులో కబుర్లకు అడ్డు లేదు, ఓడినవాడికి నిమిషాల్లో ఇంకో రేసు. లోతు తక్కువే. వెస్నోత్ ప్రేమికుడిగా మీకు మొహం మొత్తవచ్చు. ఆ సాయంత్రం మీ రుచిని పక్కన పెట్టగలిగితేనే ఇది పనికొస్తుంది.

బయట మీలాంటి వాళ్ళను వెతుక్కోవడం మూడో దారి. వెస్నోత్‌లో, ఓపెన్ టీటీడీలో ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఆన్‌లైన్‌లో ఆడవచ్చు. ఆట మెరుగవుతుంది, మీ ఉత్సాహాన్ని ఉత్సాహంతో అందుకునేవాళ్ళు దొరుకుతారు. అయితే సంభాషణ ఎక్కువగా ఆంగ్లంలో ఉంటుంది, వేళలు మన రాత్రుళ్ళను తినేస్తాయి. పొద్దున్నే కొట్టు తెరిచే ఉద్యోగం మీది. పెళ్ళిచూపుల కబురు చెప్పుకోవడానికి వాళ్ళు పనికిరారు. ఈ దారి పట్టండి, కానీ పాత స్నేహాల స్థానంలో కాదు, వాటి పక్కన.

ఇందులోనే నాకు ఎంతో ఆశ కలిగించే ఒక పని ఉంది. మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది, మీరు తెలుగు బాగా రాస్తారు. ఇలాంటి ఆటల గురించి తెలుగులో దాపరికం లేకుండా రాసేవాళ్ళు అరుదు. ఆట ఏమిటి, ఎలాంటి ఫోనుకు సరిపోతుంది, ఎక్కడ విసుగు పుడుతుంది, ఎవరికి నచ్చదు అని ఒక్కో ఆటకు ఒక్కో పేజీ రాయండి. ఉచితమైనవే కాకుండా చిన్న బృందాలు చేసిన, డబ్బు పెట్టి కొనదగిన ఆటల గురించి కూడా. కెనడాకు వలస వెళ్ళిన తమిళ తల్లి వంటింటి కథ ‘వెన్బా’ 2023లో వచ్చింది. దక్షిణాది ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇడ్లీ పాత్ర తెర మీద కనబడగానే కలిగే ఆత్మీయత వేరు. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ తెచ్చింది. ఇలాంటివి మనవాళ్ళకు మనవాళ్ళే చెప్పాలి. చదవాలనుకున్నవాళ్ళు వెతుక్కుని వచ్చి చదువుతారు, మీ స్నేహితుల గ్రూపు మీద ఆ భారం పడదు.

మీ మేనల్లుడి విషయంలో బావగారి భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆన్‌లైన్ రమ్మీ వంటి వాటితో డబ్బు పోగొట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆయన ఆందోళన గాలిలోంచి పుట్టింది కాదు. అందుకని వాదించకుండా ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని ‘లువాంటి’ తెరిచి చూపించండి. 2010లో ‘మైన్‌టెస్ట్’గా మొదలై, 2024లో పేరు మార్చుకున్న ఇది దిమ్మెలతో ఇళ్ళూ ఊళ్ళూ కట్టుకునే వేదిక. నెట్ ఆపేసి ఆడవచ్చు. డబ్బు అడిగే మీట ఎక్కడైనా ఉందేమో ఆయన్నే వెతకమనండి. కొంచెం పెద్దయ్యాక పిల్లవాడు లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో తన సొంత మార్పులు చేసుకోవచ్చు. వేళల సంగతి మాత్రం బావగారూ అక్కగారూ నిర్ణయించాలి, వాళ్ళు పెట్టిన హద్దును మీరు సడలించవద్దు.

చివరగా, వీధి చివరి కొట్టులో ఉన్న మీ మిత్రుడు. ఆయనకు ఇప్పుడు ఏ ఆటా చెప్పవద్దు. మధ్యాహ్నం భోజనం వేళ ఆయన కొట్టుకు వెళ్ళండి. జేబు ఖర్చు గురించి అందరి ముందు అన్న మాటకు క్షమించమని ఒక్క మాట అడగండి. వెస్నోత్ మంచిదా కాదా అన్న చర్చ ఎత్తవద్దు, ఆయన ఎత్తినా దాటవేయండి. ఆయన గ్రూపులో మళ్ళీ చేరమంటే ఆ రాత్రే చేరి, వాళ్ళ ఆటే ఆడండి. పిలవకపోతే మిగిలిన వాళ్ళను మధ్యవర్తులుగా పంపకుండా కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ మీరే వెళ్ళండి. ఎర్రగుంట్ల మిత్రుడికి మాత్రం ఆగనవసరం లేదు, ఈ ఆదివారం ఆయన ఫోనులో మిండస్ట్రీ వేసి ఇవ్వండి.